ఇద్దరు ఒక్కరయ్యే కెమెరా

ఈమధ్య మా షాపుకొచ్చే కుర్రకారుకి కొత్త పిచ్చి పట్టింది. చేతిలో తళతళలాడే ఫోన్లు పెట్టుకుని పాత కెమెరాలున్నాయా అని అడుగుతున్నారు. ఒకప్పుడు ఎవడూ ముట్టుకోక మూలన పడేసిన సరుకు మీద ఇప్పుడు మోజు. ఒమన్ దేశంలోని సలాలాలో, ఎలక్ట్రానిక్స్ కొట్లో సగం జీవితం గడిపినవాణ్ణి, ఇలాంటి మోజులు చాలా చూశాను. దుమ్ము దులిపి ఉన్నవన్నీ అమ్మేశాను. అద్దాల బీరువా పై అరలో ఉన్న రెండు మాత్రం ఉంచేశాను.

మొన్న శుక్రవారం సాయంత్రం ఒక నర్సమ్మాయి వచ్చింది. మా గోదావరి పిల్లే. ఇక్కడి ఆసుపత్రిలో పనికి చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఖరీఫ్ వచ్చింది కదా, అదే ఇక్కడి వానాకాలం, కొండల్లో పొగమంచుని ఫోటోలు తీసి ఇంటికి పంపాలట. నేను చూపించినవేవీ నచ్చలేదు. పై అరకేసి వేలు పెట్టి, "ఆ పెద్దదీ ఆ చిన్నదీ, రెండిట్లో ఏది బాగుంటదన్నయ్యా?" అంది.

అవి అమ్మేవి కావన్నాను. అమ్మకపోతే పోనివ్వండి, ఏది మంచిదో చెప్పడానికేం అంది. ఇంకెవరైనా అయితే విసుక్కునేవాణ్ణి. కానీ ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. దాని మీద నేనూ కాకా ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. కాకా పోయాక ఇది రెండో ఖరీఫ్. ఇంతకాలం ఆ ప్రశ్న వేసినవాళ్లే లేరు.

కాకా నాకు చుట్టమేమీ కాదు. జగిత్యాల వైపు మనిషి. ఒక కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్, అంటే కాంక్రీటు పోయడానికి ముందు చెక్కలతో అచ్చు కట్టే పని. ఆయన రూములో కుర్రాళ్లందరూ కాకా అంటుంటే నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను తమ్మీ అనేవాడు. చిన్నాన్నకి తమ్ముణ్ణెలా అయ్యానో మా ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫోటో తీసే తీరు. ఆ పెద్ద కెమెరా ఆయనదే. ఇటుక ముక్కంత బరువు, ఒళ్లంతా నల్లటి ఇనుము. డిజిటలే అయినా చూపులకి రీళ్ల కాలం నాటిదానిలా ఉంటుంది. ఒక్కో ఫోటోకీ బొటనవేలితో మీట లాగాలి. దాంట్లో మనిషి లెన్సులోంచి కనపడడు. పైన ఒక మూల చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూడాలి. ఆ కిటికీ మధ్యలో చిన్న వెలుగు చదరం. అందులో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు, అసలు మనిషొకడు, పక్కనే పల్చటి నీడలాంటివాడొకడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ నీడ జరిగి జరిగి అసలు మనిషిలో కలిసిపోతుంది. అప్పుడు నొక్కితే బొమ్మ శుభ్రంగా వస్తుంది.

ఫోటో తీసేవాళ్లు మామూలుగా ఒక కన్ను మూస్తారు. కాకా మూసేవాడు కాదు. కుడికన్ను కిటికీకి ఆనించి, ఎడమకన్ను బయట బార్లా తెరిచి పెట్టేవాడు. ఆ కిటికీలో మనిషి ఉన్నంత మనిషిలాగే కనపడతాడు కాబట్టి రెండు చూపులూ ఒకటైపోతాయట. "ఒక కన్ను కెమెరకు, ఒక కన్ను మనిషికి. కన్ను మూసుకొని మనిషితోని మాట్లాడ్తమా తమ్మీ?" అనేవాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, రింగు తిప్పుతూ, తనలో తను గొణుక్కునేవాడు. ఆగుర్రి, ఇంకా ఇద్దరున్నరు, దగ్గరికొస్తున్నరు, ఒక్కరైన్రు. ఆ చివరి మాటతోపాటు టక్కుమని చప్పుడొచ్చేది.

వెనక తెర ఉంది గానీ దాన్ని తిప్పి మూసేయొచ్చు. కాకా ఎప్పుడూ మూసే ఉంచేవాడు. తీసిన ఫోటో అప్పుడే చూపించమంటే, పొయ్యి మీది బువ్వను గడియగడియకూ కెలుకుతారా అని కసిరేవాడు. శుక్రవారం మా షాపుకొచ్చి కంప్యూటర్లో పెట్టాకే అందరూ చూడాలి. ఇంకో చాదస్తం, ఆ కిటికీకి ఇంకెవర్నీ కన్ను ఆనించనిచ్చేవాడు కాదు. వేరేవాళ్ల కన్ను పెడితే దాని చూపు మారిపోతుందని గట్టి నమ్మకం. అంతటి మూఢనమ్మకం కోళ్ల పందేల్లో కూడా లేదని నేను వెక్కిరిస్తే నవ్వేవాడు. నవ్వి, కెమెరా సంచిలో పెట్టేసుకునేవాడు.

ఇంత చాదస్తానికీ గొప్పగా తీసేవాడా అంటే అదీ లేదు. తీసినవాటిలో సగం మసక. తలలు తెగేవి. మూత సంగతైతే చెప్పనక్కర్లేదు.

ఇక్కడి పని ముగించుకుని ఇంక తిరిగి రాకుండా ఇంటికి వెళ్లిపోవడాన్ని ఫైనల్ ఎగ్జిట్ అంటారు. అలా వెళ్లేవాడితో రూమంతా కలిసి ఒక ఫోటో దిగడం మావాళ్ల ఆనవాయితీ. ఆ ముఖాలన్నీ మళ్లీ ఒకచోట చేరవని అందరికీ తెలుసు. ఒకసారి కోరుట్ల అతను వెళ్తుంటే కాకా అందర్నీ నిలబెట్టి, ఒక్కొక్కడి కాలరూ సర్ది, ఇద్దర్నీ ఒక్కర్ని చేసి, తీరుబడిగా ఫోటోలు తీశాడు. అతను విమానం ఎక్కేశాడు. శుక్రవారం షాపుకొచ్చి చూస్తే అన్నీ నలుపే. లెన్సు మూత తియ్యలేదు. ఇంకే కెమెరా అయినా మూతుంటే చీకటి కనపడి తెలిసిపోతుంది. దీని కిటికీ వేరు కాబట్టి మూతున్నా లోకమంతా శుభ్రంగా కనపడుతుంది. కాకా స్టూలు మీద కూలబడి, అంత మంచిగ కనవడ్డరు తమ్మీ, అంత మంచిగ కనవడ్డరు అని ఆ మాటే అంటూ కూర్చున్నాడు. పూర్తిగా నవ్వలేక, జాలీ పడలేక నేను చాయ్ తెప్పించాను.

ఆ తర్వాత కాకా కెమెరా ఎత్తితే చాలు, ఎదురుగా ఉన్న వరసంతా ఒక్క గొంతుతో "మూత తీసినవా కాకా" అని అరిచేది. అందుకే ఆయన తీసిన ఫోటోల్లో అందరి నోళ్లూ సగం తెరుచుకుని ఉంటాయి. అరేబియా సముద్రం పక్కన, ఎండలో కమిలిన ముఖాలతో, కాకా అంటూ.

పక్కనున్న చిన్నది నాది. వెండిరంగు, చొక్కా జేబులో పట్టేస్తుంది. తీయడం, నొక్కడం, తెర మీద చూసుకోవడం, అంతే. దాన్ని చూస్తే కాకాకి ఒళ్లుమంట. "గిది ఫోటో తీసుడు గాదు తమ్మీ, గుంజుకునుడు," అనేవాడు. నీది పెళ్లిచూపులు కాకా, పిల్ల నచ్చేలోపు ముహూర్తం దాటిపోతుంది అనేవాణ్ణి నేను. కొబ్బరి బోండాల కొట్ల దగ్గర బల్లల మీద కూర్చుని, ఒకే ఒంటెని ఇద్దరం తీసి, ఎవరి ఒంటె బాగుందో దారినపోయేవాళ్లని పిలిచి తీర్పులడిగేవాళ్లం. ఎక్కువసార్లు నేనే గెలిచాను. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. కాకా అంత ఆలస్యం చేసేసరికి ఎదుటి మనిషి తెచ్చిపెట్టుకున్న నవ్వు అలిసిపోయి జారిపోయేది. ఇంటి దగ్గర ఉండే ముఖం బయటికొచ్చేది. నా చిన్నదానికి అంత ఓపిక లేదు. కుర్రాళ్లు ఇళ్లకు పంపుకునే ఫోటోలు మసకవైనా కాకావే.

ఆయన సొంత కోరిక ఒక్కటే. భార్యని ఒక ఖరీఫ్‌కి సలాలా తీసుకొచ్చి, పొగమంచులో నిలబెట్టి, ఆ కెమెరాతో ఒక్క ఫోటో తీయాలి. ఆమె ఊళ్లో బీడీలు చుడుతుంది. అరబ్బు దేశంలో వాన పడుతుందని, కొండలు పచ్చగా అవుతాయని ఆయన ఫోన్లో చెబితే ఎన్నేళ్లైనా నమ్మలేదట. ఎండలో పని చేస్తూ, తనకు బాధ కలగకూడదని కట్టుకథలు చెబుతున్నాడు అనుకుందట. మా కాడ ఖరీఫ్ అంటే నాట్లేసుడు, గీడ ఖరీఫ్ అంటే షికార్లు పోవుడు, ఆమెకు సూపెట్టాలె తమ్మీ అని ప్రతి ఏడూ అనేవాడు. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. చివరికి విజిట్ వీసా చేతికొచ్చిన రోజు షాపులోకి వస్తూ గడప తట్టుకుని పడబోయాడు. వీసా కాయితం నలగకుండా పైకెత్తి పట్టుకున్నాడు. మా అర్బాబ్, షాపు యజమాని ముసలాయన, సంగతి విని మేడ మీద ఖాళీ గది ఊడిపించమన్నాడు. ఆమె లేబర్ క్యాంపులో ఉండటమేమిటి, నా ఇంటికొచ్చే అతిథి అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కెమెరా పాడైంది. పాడైందని కాకా అన్నాడు. ఎంత తిప్పినా ఇద్దరు ఒక్కరు కావడం లేదట. అలాంటి కెమెరా కింద పడితే లోపలి అద్దం కదిలి అలా అవడం మామూలే. ఎక్కడో తగిలించి ఉంటాడని నేనూ అనుకున్నాను. మస్కట్ వెళ్లే మనిషికిచ్చి బాగుచేయించమన్నాడు. అక్కడి మెకానిక్ చూసి ఏ లోపమూ లేదని తిప్పి పంపాడు. కాకా ఒకసారి కన్ను పెట్టి చూసి, వానికేమెరుక అని ఆ మెకానిక్‌ని, వాడికి పని నేర్పినవాణ్ణి కలిపి తిట్టాడు. ఆ మాటల్లోనే చాయ్ గ్లాసులో పోయబోయి పక్కన పోశాడు. పిన్ని వచ్చేదాకా ఈయన కళ్లు ఇక్కడ లేవని అందరం నవ్వుకున్నాం.

ఆమె వచ్చింది. సన్నగా, పొట్టిగా, ముదురాకుపచ్చ చీరలో, వచ్చిన రోజే అర్బాబ్ కోడళ్లకి సైగలతోనే చుట్టమైపోయింది. మబ్బు బాగా దిగిన శుక్రవారం ఇద్దర్నీ షాపు పికప్‌లో కొండ మీదికి తీసుకెళ్లాను. రోడ్డు పక్కన ఒంటెలు మంచులోంచి బయటికొచ్చి మళ్లీ మంచులోకి పోతున్నాయి. ఆమె కిటికీ అద్దం దించి చెయ్యి బయటపెట్టి, తడిసిన అరచేతిని చాలాసేపు చూసుకుంది. అబద్ధం జెప్పలేదు పో అని మాత్రం అంది.

కాకా ఆమెను గడ్డిలో నిలబెట్టాడు. కెమెరా ఎత్తాడు. మేం నేర్పినట్టే ఆమె, మూత తీసినవా అంది. తీసే ఉన్నాడు. రెండు కళ్లూ తెరిచి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టి రింగు తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతున్నాడు, వెనక్కి తిప్పుతున్నాడు. ఆ పక్కనే కుటుంబాలతో వచ్చినవాళ్లు ఫోన్లతో ఫోటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఖాళీ చేతులతో ఎలా నిలబడాలో తెలీక ఆమె వేళ్లు చీర కొంగు పట్టుకుని, వాటంతటవే బీడీ చుట్టడం మొదలెట్టాయి.

"ఇద్దరు గనవడుతున్నరే," అన్నాడు కాకా.

"ఒక్కదానితోనే ఏగుతలేవు, ఇద్దరితోని ఏం ఏగుతవయ్యా?" అంది ఆమె.

నేను పగలబడి నవ్వాను. కాకా కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, నేనెప్పుడూ చూడని పని చేశాడు. ఎడమకన్ను మూశాడు. టక్కుమంది.

కెమెరా దించలేదు. ఎడమకన్ను తెరిచాడు. మళ్లీ మూశాడు. మళ్లీ తెరిచాడు. తర్వాత కెమెరా ఛాతీ మీదికి దించి, ఉత్త కళ్లతో ఆమెనే చూస్తూ అలాగే చేశాడు, మూస్తూ, తెరుస్తూ. చినుకు పడి కన్ను మెరమెరలాడుతోందేమో అనుకున్నాను.

"కెమెర బాగనే ఉన్నది తమ్మీ," అన్నాడు.

నాకెంత సంతోషమేసిందో. నేను చెప్పలేదా, మస్కట్ మెకానిక్‌ని అనవసరంగా తిట్టావు అన్నాను. తర్వాతి ఫోటోకి ఆయన మీట లాగలేదు. కెమెరాకి తనే మూత పెట్టి సంచిలో పెట్టేశాడు. ఇంకోటి తియ్యవా అంటే, నీ చిన్నది తియ్యి తమ్మీ, మా ఇద్దరిని గుంజుకో, జల్ది గుంజుకో అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం పండగలా అనిపించి, జేబులోంచి తీసి టపటపా నొక్కాను. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అందరి ముందూ భార్య భుజం మీద చెయ్యి వేసే మనిషి కాదు.

ఆమె ఉన్నన్నాళ్లూ కాకా ఎడమకన్ను మూసుకునే తిరిగాడు. దుమ్ము పడ్డదని, మందేసిన్నని చెప్పాడు. సముద్రం చూపించాడు, అరటితోటలు చూపించాడు, అర్బాబ్ ఇంట్లో భోజనం చేయించాడు. ఆమెను విమానం ఎక్కించి, ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాడు.

ఆ తర్వాత షాపుకొచ్చి నాకు చెప్పాడు. మెదడులో గడ్డ. అది కంటిని తిప్పే నరాన్ని నొక్కుతోందట, అందుకే రెండు కళ్ల చూపులూ కలవడం లేదు. సైట్లో పని గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"గుట్ట మీదనే ఎరుకైంది. ఒక కన్ను మూస్తే ఒక్కతే, తెరిస్తే ఇద్దరు. కెమెర లేకున్నా ఇద్దరే. అంటే తప్పు దానిది గాదు."

అప్పుడే చెప్పొచ్చు కదా కాకా అన్నాను.

"పుట్టి బుద్ధెరిగినంక ఆమె ఇల్లు దాటి వచ్చింది ఒక్కసారి. గా వాన సూపెట్టకుంట దవాఖాన సూపెట్టుమంటవా?"

కంపెనీ ఇంటికి పంపింది. వెళ్లే ముందు రూమువాళ్లంతా షాపుకొచ్చి వరసగా నిలబడ్డారు. ఫైనల్ ఎగ్జిట్ ఫోటో. కాకా మధ్యలో ఉన్నాడు, తీసింది నేను, నా చిన్నదాంతో. ఎవరూ ఏమీ అరవలేదు. నా కెమెరాకి మూత లేదు. ఉన్నా అరిచేవాళ్లు కాదనుకుంటా. తర్వాత కాకా తన కెమెరా తెచ్చి ఆ పై అరలో పెట్టాడు. నా చేతిలోది కూడా తీసుకుని దాని పక్కనే పెట్టాడు. ఇగ కొట్లాడకుర్రి అని వాటికే చెప్పాడు. ఆపరేషన్ అయినంక వచ్చి తీసుకుపోత తమ్మీ, అప్పటిదాంక ఎవర్నీ కన్ను పెట్టనియ్యకు అన్నాడు.

తర్వాతి ఖరీఫ్ రాకముందే పోయాడు. పిన్నే ఫోన్ చేసింది. చివరి రోజుల్లో ఎడమకంటికి గుడ్డ కట్టించుకుని, గోడకి జారగిలబడి, ఎదురుగా ఆమె బీడీలు చుడుతుంటే చూస్తూ కూర్చునేవాడట. నొప్పి అంత కంట్లోనే ఉందా అయ్యా అని ఆమె అడిగితే, నొప్పి గాదే, నువ్వు ఒక్కదానివే గనవడాలె అన్నాడట. ఆ మాట చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. నేను షాపు షట్టర్ దించేసి, కౌంటర్ వెనక నేల మీద కూర్చుని ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

గుట్ట మీద తీసిన ఆ ఒక్క ఫోటో ఆమె దగ్గరుంది, నా దగ్గరా ఉంది. ఆమె ముఖం శుభ్రంగా వచ్చింది. మొగుణ్ణి ఒక మాట అనేసి, ఆ నవ్వు ఇంకా పూర్తిగా దిగని ముఖం. కొంగు మీద వేళ్లు బీడీ చుడుతూనే ఉన్నాయి. వెనక కొండలు లేవు, మంచే. నా చిన్నది తీసిన ఫోటోలో ఇద్దరూ ఉన్నారు. ఆమె కెమెరాకేసి చూస్తోంది. ఆయన ఎడమకన్ను మూసుకుని ఆమెనే చూస్తున్నాడు. ఏది మంచిదంటే నేనేం చెప్పను? ఆమెను ఒక్కదాన్ని చేసింది పెద్దది. ఆయన్ని ఆమె పక్కన నిలబెట్టింది చిన్నది.

ఇదంతా ఆ నర్సమ్మాయికి చెప్పలేదు. రెండూ మంచివేనమ్మా అన్నాను. అన్నాక ఎందుకో పై అర తాళం తీసి పెద్దది దించాను. ఆయన పోయాక కూడా నేను ఆ కిటికీకి కన్ను ఆనించలేదు. కాకా మాట అంటే మాటే, అదొక్కటే కాదు. అందులో ఏం కనపడుతుందో అని భయం.

బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ కిటికీకి బ్యాటరీతో పని లేదు. చూడు అని ఆ పిల్ల చేతిలో పెట్టాను. అందరిలాగే ఒక కన్ను మూసి పెట్టుకోబోయింది. రెండో కన్ను కూడా తెరిచే ఉంచమన్నాను. ఆమె అలాగే కెమెరా ఎత్తి, కౌంటర్ అవతల నుంచి నన్నే చూసింది.

"ఇద్దరు కనిపిస్తున్నారన్నయ్యా మీరు. పాడైపోయిందేమో," అంది.

"ఆ రింగు తిప్పమ్మా. నెమ్మదిగా."

తిప్పింది. తనకి తెలీకుండానే నాలుక కొస పళ్ల మధ్యకొచ్చింది. నేను కదలకుండా నిలబడ్డాను. బయట చినుకులు పడుతున్నాయి. నాకు చాలాసేపైనట్టు అనిపించింది.

"ఆఁ, ఒక్కరయ్యారు," అంది.

"కెమెరా బాగానే ఉందమ్మా," అన్నాను. అంతకు మించి ఇంకో మాట అంటే ఆ పిల్ల ముందు ఏడ్చేసేవాణ్ణి.